ట్యూనింగ్ కోసం స్టాండలోన్ ఈసీయూ ఎంచుకోవడం ఎలా? పూర్తి వివరాలతో

కారు ట్యూన్ చేయించాలనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న "ఏ ఈసీయూ మంచిది?" అని. ఈసీయూ అంటే ఎంత ఫ్యూయల్ పోయాలో, ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో చూసుకునే ఇంజిన్ కంప్యూటర్. కంపెనీదాన్ని తీసేసి దాని చోట పెట్టుకునేది స్టాండలోన్. ఎవరో ఒక పేరు చెబుతారు, డబ్బు పోసి తెప్పించుకుంటారు, అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది. కొన్న ఈసీయూ మీ ఇంజిన్ క్రాంక్ సెన్సార్‌ని చదవలేకపోవచ్చు. చదివినా, దాన్ని ట్యూన్ చేయడం వచ్చినవాళ్లు మీ చుట్టుపక్కల ఒక్కరూ దొరకకపోవచ్చు. అందుకే బ్రాండ్ పేరుతో మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతాను. మీ ఇంజిన్‌కి ఏం కావాలో కాగితం మీద రాసుకోండి. దాన్ని ట్యూన్ చేసే మనిషిని ఖాయం చేసుకోండి. ఆ రెండూ తేలాక ఏ ఈసీయూ కొనాలన్నది పెద్ద సమస్యగా మిగలదు.

చెప్పేది గాల్లో ఉండకుండా ఒక ఇంజిన్‌ని ఉదాహరణగా తీసుకుందాం. పాత ఎస్టీమ్, జిప్సీల్లో వచ్చిన మారుతి 1.3 లీటర్, 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజిన్. 1298 సీసీ, 74 మిల్లీమీటర్ల బోర్, 75.5 మిల్లీమీటర్ల స్ట్రోక్. ర్యాలీల్లో, ఆటోక్రాస్‌లో మనవాళ్లు ఏళ్ల తరబడి వాడిన ఇంజిన్ ఇది. దీనికి చిన్న టర్బో పెట్టి 130 హార్స్‌పవర్ తీయాలని అనుకుందాం.

మొదటి అడుగు: అసలు కొత్త ఈసీయూ అవసరమా?

ముందు ఇది తేల్చుకోండి. చాలామందికి అవసరం ఉండదు.

మీ కారు గత పది పన్నెండేళ్లలో వచ్చిన టర్బో పెట్రోల్ అయితే, కంపెనీ ఈసీయూనే రీమ్యాప్ చేయించడం, అంటే దానిలోని పట్టికలు మార్పించడం, దాదాపు ఎప్పుడూ మేలు. ఈ కార్లలో ఈసీయూ ఇంజిన్‌ని మాత్రమే చూసుకోదు. క్యాన్ బస్ (కారులోని కంప్యూటర్లని కలిపే వైర్ల జత) మీద మీటర్ కన్సోల్‌తో, ఏబీఎస్‌తో, పవర్ స్టీరింగ్‌తో, ఏసీతో, ఇమ్మొబిలైజర్‌తో మాట్లాడుతూ ఉంటుంది. దాన్ని పీకేస్తే ఆ సందేశాలన్నీ ఆగిపోతాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది, మీటర్లో లైట్లన్నీ వెలుగుతాయి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే లింప్ మోడ్‌లోకి, అంటే రక్షణ కోసం పనితీరు తగ్గించుకునే స్థితిలోకి పోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే కథ ఇంకా కష్టం. ఆ ఇంజెక్టర్లని తెరవడానికి బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు చాలవు, సుమారు 65 వోల్టులు కావాలి. దానికి తోడు హై ప్రెషర్ పంపుని కూడా ఈసీయూనే నడపాలి. మోటెక్ ఎం142 లాంటి కొన్ని ఖరీదైన ఈసీయూలే ఆ పని చేస్తాయి. కామన్ రైల్ డీజిల్ ఉన్నవాళ్లయితే స్టాండలోన్ ఆలోచన ఇక్కడితో వదిలేసి, మంచి రీమ్యాపర్‌ని వెతుక్కోండి.

రెండో దారి పిగ్గీబ్యాక్. కంపెనీ ఈసీయూకి వెళ్లే, అక్కడినుంచి వచ్చే సిగ్నళ్లని మధ్యలో అందుకుని కొంచెం మార్చి పంపే యూనిట్ ఇది. బెంగళూరులో రేస్ డైనమిక్స్ వాళ్లు చేసే పవర్‌ట్రానిక్ మన బైకుల వాళ్లకి బాగా తెలిసిందే. ఎగ్జాస్ట్, ఫిల్టర్ మార్చి కాస్త ఫ్యూయల్, కాస్త టైమింగ్ (స్పార్క్ ఇచ్చే సమయం) సరిచేయాలంటే పిగ్గీబ్యాక్ చాలు. పెద్ద మార్పులకి మాత్రం నాకు నచ్చదు. కంపెనీ ఈసీయూ ఒక పక్కకి లాగుతుంటే, ఇది ఇంకో పక్కకి లాగుతుంది. ఎప్పుడు ఎవరి మాట నెగ్గుతుందో లాగ్ (నడుస్తుండగా రికార్డు చేసిన రీడింగులు) చూసినా అర్థం కాదు.

ఇక స్టాండలోన్. ఇందులో రెండు రకాలు. కంపెనీ కప్లర్‌కే నేరుగా తగిలేది ప్లగ్‌ఇన్. వైరింగ్ అంతా కొత్తగా వేసుకోవాల్సింది వైర్‌ఇన్. విదేశాల్లో మియాటా, సివిక్, డబ్ల్యూఆర్‌ఎక్స్ లాంటి కార్లకి ప్లగ్‌ఇన్‌లు సులువుగా దొరుకుతాయి. 1992–95 సివిక్‌లోని పీ28 ఈసీయూ లోపలే బిగించే హోండేటా ఎస్300 లాంటివీ ఉన్నాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ పాత హోండా కొనుక్కున్న తెలుగు కుర్రాళ్లకి అది మంచి దారి. మన దగ్గరి ఎస్టీమ్‌కి, పాలియోకి, ఐకాన్‌కి అలాంటి సౌకర్యం లేదు. వైర్‌ఇన్ కిందే లెక్క వేసుకోవాలి.

స్టాండలోన్ ఎప్పుడు తప్పదంటే: టర్బో లేని ఇంజిన్‌కి టర్బో పెడుతున్నప్పుడు, ఇంజిన్ మార్పిడి చేస్తున్నప్పుడు, నాలుగు విడి థ్రాటిల్ బాడీలు పెడుతున్నప్పుడు, లేదా కంపెనీ ఈసీయూని రీమ్యాప్ చేసే దారే లేనప్పుడు. మన ఉదాహరణ మొదటి రకం.

రెండో అడుగు: క్రాంక్ సిగ్నల్

బ్రోచర్లలో చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే, ఎంపికలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. పిస్టన్ ఎక్కడుందో ఈసీయూకి తెలియకపోతే మిగతా ఫీచర్లు ఎన్ని ఉన్నా దండగే.

క్రాంక్ మీదో ఫ్లైవీల్ మీదో పళ్లున్న చక్రం ఉంటుంది. కొన్నిచోట్ల కావాలనే ఒకటో రెండో పళ్లు వదిలేస్తారు. ఆ ఖాళీ దాటినప్పుడల్లా ఈసీయూ తను ఎక్కడుందో తెలుసుకుంటుంది. 60 పళ్ల లెక్కలో రెండు తీసేస్తే 60-2. ఫోక్స్‌వ్యాగన్, ఫియట్, బీఎండబ్ల్యూల్లో ఎక్కువగా కనిపించేది అదే. ఫోర్డ్‌లలో 36-1. టొయోటాల్లో చాలావాటికి 36-2. సుబారులో 36-2-2-2. పాత నిస్సాన్‌లలో క్యామ్ చివర 360 చీలికలున్న ఆప్టికల్ డిస్క్. 60-2, 36-1 లని దాదాపు అన్ని ఈసీయూలూ చదువుతాయి. చిత్రమైన నమూనాల దగ్గరే తేడా వస్తుంది.

కాబట్టి ఎవరో చెప్పింది నమ్మకుండా మీరే చూసుకోండి. చక్రం కనిపించేలా కవర్ విప్పండి. ఒక పన్ను మీద చాక్‌పీస్‌తో గీత పెట్టండి. క్రాంక్ బోల్టుకి స్పానర్ వేసి చేత్తో ఇంజిన్ తిప్పుతూ పళ్లు లెక్కపెట్టండి. ఖాళీ ఎక్కడుందో, మొదటి సిలిండర్ పైకి వచ్చే సమయానికి సెన్సార్ ఎదురుగా ఎన్నో పన్ను ఉందో ఫోటో తీసుకోండి. క్యామ్ వైపు కూడా ఇదే పని. ఆ తర్వాత సెన్సార్‌కి ఎన్ని వైర్లున్నాయో చూడండి. రెండు వైర్లుంటే చాలావరకు వీఆర్, అంటే అయస్కాంతం, కాయిల్ ఉన్న పికప్. మూడుంటే సాధారణంగా హాల్ సెన్సార్. అయితే వీఆర్ సెన్సార్‌కి కూడా షీల్డ్ కోసం మూడో వైరు ఉండొచ్చు, మీటర్ పెట్టి ఓమ్స్ చూస్తే తేలిపోతుంది.

ఈ తేడా ఎందుకంటే, హాల్ సెన్సార్ శుభ్రమైన చదరపు సిగ్నల్ ఇస్తుంది. వీఆర్ ఇచ్చే వోల్టేజ్ ఇంజిన్ వేగాన్ని బట్టి పెరుగుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ నిమిషానికి రెండు వందల చుట్లో, ఇంకాస్త ఎక్కువో తిరుగుతుంది కాబట్టి అప్పుడు సిగ్నల్ చాలా బలహీనం. 7000 ఆర్‌పీఎం దగ్గర అదే సెన్సార్ పదుల వోల్టులు కక్కుతుంది. ఈ రెండు కొసల్నీ తట్టుకునే మంచి వీఆర్ కండిషనర్ మీరు కొనే ఈసీయూలో ఉండాలి. చవక బోర్డుల్లో దీన్ని విడిగా తెచ్చి అతికించాల్సి వస్తుంది.

అమ్మేవాళ్లని అడగాల్సిన ప్రశ్న ఇలా ఉండాలి: "ఈ ఇంజిన్, ఈ పళ్ల లెక్క, ఈ సెన్సార్ రకం. మీ ఈసీయూలో దీనికి రెడీ ట్రిగ్గర్ మోడ్, అంటే ఈ పళ్ల నమూనాని చదివే సెట్టింగ్ ఉందా?" "అన్నీ పనిచేస్తాయి సార్" అన్నది జవాబు కాదు. మోడ్ పేరు చెప్పాలి. లాప్‌టాప్‌లో ట్రిగ్గర్ సిగ్నల్‌ని గీతలా చూపించే స్కోప్ సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో కూడా అడగండి. ఇంజిన్ స్టార్ట్ కాని రోజున మిమ్మల్ని గట్టెక్కించేది అదే.

క్యామ్ సిగ్నల్ లేకపోతే ఏమవుతుంది? సిలిండర్ ఏ స్ట్రోక్‌లో ఉందో ఈసీయూకి తెలియదు. అప్పుడు వేస్టెడ్ స్పార్క్ (రెండేసి సిలిండర్లకి ఒకేసారి స్పార్క్), బ్యాచ్ ఇంజెక్షన్ (ఇంజెక్టర్లని గుంపుగా తెరవడం)తో నడపాలి. భయపడాల్సింది లేదు. ఫుల్ థ్రాటిల్‌లో పవర్ దాదాపు అంతే వస్తుంది. ఐడ్లింగ్ నునుపుదనం, తక్కువ లోడ్ మీద ఫ్యూయల్ పొదుపు, ఒక్కో సిలిండర్‌కి విడిగా సరిచేసుకునే వీలు మాత్రం ఒక్కో ఇంజెక్టర్‌ని దాని వంతు ప్రకారం తెరిచే సీక్వెన్షియల్‌తోనే దొరుకుతాయి. రోడ్డు మీద రోజూ తిప్పే కారైతే క్యామ్ సెన్సార్ పెట్టుకోవడమే మంచిది.

మూడో అడుగు: ఇంజెక్టర్లు, కాయిల్స్ లెక్క

మన 130 హార్స్‌పవర్ లెక్క వేద్దాం. టర్బో పెట్రోల్ ఇంజిన్‌కి ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 6.3 సీసీ పెట్రోల్ అనుకోవచ్చు. 130 ని 6.3 తో గుణిస్తే 819 సీసీ. నాలుగు ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోదానికి 205. ఇంజెక్టర్‌ని 85 శాతం డ్యూటీకి (తెరిచి ఉండే సమయానికి) మించి నడపకూడదు కాబట్టి 0.85 తో భాగిస్తే 241 సీసీ. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20. పెట్రోల్ సరిగ్గా కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20 కి సుమారు 13.5 పాళ్లే చాలు. అంటే అదే గాలికి తొమ్మిది శాతం ఎక్కువ ఫ్యూయల్ పోయాలి. అప్పుడు 262 సీసీ. కాస్త మిగులు చూసుకుంటే 300 సీసీ ఇంజెక్టర్ సరిపోతుంది. ఎవరో మిగిలాయని చవగ్గా ఇస్తున్నారని 1000 సీసీవి తెచ్చుకోవద్దు. ఐడ్లింగ్‌లో అంత చిన్న పల్స్‌ని కచ్చితంగా పట్టుకోవడం ఏ ఈసీయూకైనా కష్టమే.

ఇంజెక్టర్ రెసిస్టెన్స్ మీటర్‌తో చూడండి. 12 నుంచి 16 ఓమ్స్ వస్తే హై ఇంపిడెన్స్, ఏ ఈసీయూ అయినా నడుపుతుంది. రెండు మూడు ఓమ్స్ వస్తే లో ఇంపిడెన్స్. వాటికి పీక్ అండ్ హోల్డ్ డ్రైవర్ (తెరవడానికి ఎక్కువ కరెంటు, తెరిచి ఉంచడానికి తక్కువ కరెంటు ఇచ్చేది) ఉన్న ఈసీయూ కావాలి, లేదా విడిగా రెసిస్టర్లు పెట్టాలి. కొత్త ఇంజెక్టర్లు కొంటున్నారంటే హై ఇంపిడెన్స్‌వే తీసుకోండి, డెడ్ టైమ్ పట్టిక ఇచ్చే అమ్మకందారు దగ్గరే కొనండి. బ్యాటరీ వోల్టేజ్ తగ్గినప్పుడు ఇంజెక్టర్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఎంతో ఈసీయూకి తెలియకపోతే, రాత్రి హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్ కలిసి నడిచినప్పుడు ఐడ్లింగ్ తడబడుతుంది.

కాయిల్స్‌లో చూడాల్సింది ఇగ్నైటర్ (కాయిల్ కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) లోపల ఉందా లేదా అని. ఉంటే ఈసీయూ నుంచి చిన్న 5 వోల్ట్ సిగ్నల్ చాలు. లేకపోతే ఈసీయూలోనే పవర్ డ్రైవర్ ఉండాలి, లేదా బయట ఇగ్నైటర్ పెట్టాలి. ఈ రెండూ తారుమారు చేసి వైరింగ్ ఇస్తే స్విచ్ వేసిన కొన్ని సెకన్లకే కాయిలో డ్రైవరో కాలిపోతుంది. కొనేముందే డేటాషీట్ చదవాల్సిన చోటు ఇది.

నాలుగో అడుగు: గాలిని ఎలా కొలుస్తారు, నాకింగ్‌ని ఎలా పట్టుకుంటారు

స్టాండలోన్‌లలో ఎక్కువగా వాడేది స్పీడ్ డెన్సిటీ పద్ధతి. మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో) ఒత్తిడి, గాలి ఉష్ణోగ్రత చూసి ఎంత గాలి లోపలికి పోయిందో లెక్క కడుతుంది. మన టర్బో ఎస్టీమ్‌కి ఇదే సరైంది. అయితే ఆ ఒత్తిడిని కొలిచే పాత మ్యాప్ సెన్సార్ వాతావరణ ఒత్తిడి వరకే చదువుతుంది. 0.6 బార్ బూస్ట్ (టర్బో అదనంగా తోసే ఒత్తిడి) అంటే అసలు ఒత్తిడి 160 కిలోపాస్కల్స్. 250 లేదా 300 వరకు చదివే సెన్సార్ కావాలి. ఈసీయూ లోపలే ఇది ఉందేమో చూడండి. ఉంటే ఒక రబ్బరు పైపు లాగితే పని అయిపోతుంది.

విడి థ్రాటిల్ బాడీలు పెట్టేవాళ్లకి మానిఫోల్డ్ ఒత్తిడి నిలకడగా ఉండదు. వాళ్లు థ్రాటిల్ ఎంత తెరిచారన్నదాన్ని బట్టి నడిపే ఆల్ఫా-ఎన్ వాడతారు. ఇక్కడ ఒక మాట. విశాఖలో గాలి ఒత్తిడి 101 కిలోపాస్కల్స్ ఉంటే హైదరాబాద్‌లో సుమారు 95, అరకులో సుమారు 91. విశాఖలో ఆల్ఫా-ఎన్ మీద ట్యూన్ చేసిన బండిని ఘాట్ ఎక్కించి అరకు తీసుకెళ్తే పది శాతం తక్కువ గాలికి అదే ఫ్యూయల్ పోస్తుంది. బండి బరువుగా లాగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. బారోమెట్రిక్ సెన్సార్ ఈసీయూలోనే ఉంటే ఈ గొడవ ఉండదు. తాళం తిప్పినప్పుడు ఒక్కసారే ఒత్తిడి చూసుకునే ఈసీయూలకి ఘాట్ రోడ్డు మీద అది చాలదు. నడుస్తూ ఉండగా కూడా కొలవాలి. మన రోడ్లకి నేను తప్పనిసరి అనుకునే ఫీచర్లలో ఇదొకటి.

ఇంకోటి నాక్ కంట్రోల్. సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు కాలి ఇంజిన్‌ని దెబ్బతీయడమే నాకింగ్. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ట్రాఫిక్‌లో నిలబడ్డ టర్బో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉంటుందో ఊహించుకోండి. డైనో (కారుని నిలబెట్టి నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద చల్లని ఉదయం సరిపోయిన టైమింగ్ ఆ మధ్యాహ్నం నాకింగ్ తెప్పించవచ్చు. గాలి ఉష్ణోగ్రతని బట్టి టైమింగ్ తగ్గించే పట్టిక అన్ని ఈసీయూల్లోనూ ఉంటుంది. నిజంగా నాకింగ్ విని వెనక్కి తగ్గేవి మాత్రం కొన్నే. నాకింగ్ ఒక నిర్దిష్ట ఫ్రీక్వెన్సీలో మోగుతుంది. 1800 ని పై (3.14) విలువతోనూ బోర్ మిల్లీమీటర్లతోనూ భాగిస్తే అది సుమారుగా ఎంతో కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. మన 74 మిల్లీమీటర్ల బోర్‌కి 7.7 కిలోహెర్ట్జ్. ఆ ఫ్రీక్వెన్సీని వడకట్టే ఫిల్టర్, ఏ సిలిండర్ వంతు వచ్చినప్పుడు వినాలో చెప్పే విండో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ట్యూనర్ వినే వీలు, ఈ మూడూ ఉంటేనే నాక్ ఇన్‌పుట్ ఉందన్న మాటకి విలువ.

పొగలోని ఆక్సిజన్‌ని బట్టి గాలి, ఫ్యూయల్ పాళ్లు చెప్పే లాంబ్డా సెన్సార్ సంగతి. కంపెనీ బిగించిన మామూలు నారో బ్యాండ్ ట్యూనింగ్‌కి పనికిరాదు. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 వైడ్‌బ్యాండ్ కావాలి. దాని కంట్రోలర్ ఈసీయూలోనే ఉంటే ఒక ఖర్చు తప్పుతుంది, ఎర్త్ తేడాల వల్ల వచ్చే తప్పుడు రీడింగులూ తప్పుతాయి. సాఫ్ట్‌వేర్‌లో టార్గెట్లు లాంబ్డాలోనే పెట్టుకోండి. ఫ్యూయల్‌లో ఇథనాల్ ఎంత ఉన్నా లాంబ్డా 1 అంటే సరైన పాళ్లే. 14.7, 12.5 అంటూ పాత అంకెలు పట్టుకుంటే ఈ20 దగ్గర లెక్క తప్పుతుంది. ఒక్కో బంకులో ఇథనాల్ ఒక్కో పాళ్లలో ఉంటుందని అనుమానమున్నవాళ్లు ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సార్ పెట్టుకోవచ్చు. అది 50 నుంచి 150 హెర్ట్జ్ సిగ్నల్‌తో ఇథనాల్ శాతం చెబుతుంది. ఈసీయూలో ఒక డిజిటల్ ఫ్రీక్వెన్సీ ఇన్‌పుట్ ఖాళీగా ఉండాలి.

ఐదో అడుగు: ఇన్‌పుట్లు, అవుట్‌పుట్ల పట్టీ

పైవన్నీ తేలాక ఒక తెల్ల కాగితం తీసుకుని రెండు వరసలు రాయండి. మన ఎస్టీమ్‌కి ఇలా వస్తుంది.

లోపలికి వచ్చేవి: క్రాంక్, క్యామ్, మ్యాప్, థ్రాటిల్ పొజిషన్, కూలెంట్ ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత, వైడ్‌బ్యాండ్, నాక్, ఆయిల్ ప్రెషర్, ఫ్యూయల్ ప్రెషర్, వాహన వేగం, ఏసీ స్విచ్.

బయటికి వెళ్లేవి: నాలుగు ఇంజెక్టర్లు, వేస్టెడ్ స్పార్క్ అయితే రెండు కాయిల్స్ లేదంటే నాలుగు, ఐడ్లింగ్ వాల్వ్, ఫ్యూయల్ పంప్ రిలే, ఫ్యాన్ రిలే, ఏసీ క్లచ్ రిలే, ఆర్‌పీఎం మీటర్, బూస్ట్ సొలెనాయిడ్, చెక్ లైట్.

ఐడ్లింగ్ వాల్వ్ స్టెప్పర్ మోటారు రకమైతే ఒక్కదానికే నాలుగు అవుట్‌పుట్లు పోతాయి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కారైతే పెడల్‌కి రెండు, థ్రాటిల్‌కి రెండు అనలాగ్ ఇన్‌పుట్లు, మోటారుకి రెండు వైపులా తిప్పగలిగే హెచ్-బ్రిడ్జ్ డ్రైవర్ కావాలి. దాన్ని బయట అతికించే మాడ్యూల్‌తో కాకుండా ఈసీయూ స్వయంగా, రెండు సెన్సార్లనీ పోల్చి చూస్తూ నడపాలి. థ్రాటిల్ తెరుచుకుని బిగుసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది, అక్కడ రాజీ వద్దు.

పట్టీ పూర్తయ్యాక రెండు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు ఎక్కువ ఉండేలా చూసుకోండి. అంతకు మించి కొనడం అనవసరం. ఎనిమిది సిలిండర్లు నడిపే ఈసీయూ నాలుగు సిలిండర్ల కారుకి అదనంగా ఇచ్చేదేమీ లేదు.

ఆయిల్ ప్రెషర్, ఫ్యూయల్ ప్రెషర్ సెన్సార్లు పవర్ పెంచవు కదా అని కొట్టేయకండి. ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, బూస్ట్‌లో లాంబ్డా లీన్ అయినా (ఫ్యూయల్ తక్కువైనా), కూలెంట్ వేడెక్కినా ఇంజిన్‌ని ఆపేయడమో ఆర్‌పీఎం తగ్గించేయడమో చేసే రక్షణలే స్టాండలోన్ పెట్టడానికి పెద్ద కారణమని నేను నమ్ముతాను.

ఆరో అడుగు: ట్యూనర్‌ని ఖాయం చేసుకోవడం

పట్టీ చేతిలో పెట్టుకుని ట్యూనర్ దగ్గరికి వెళ్లండి. ఈసీయూ ఇంకా కొనొద్దు. ఆయన ఏ సాఫ్ట్‌వేర్ మీద రోజూ పనిచేస్తారో అడగండి. మంచి ట్యూనర్ చేతిలో మధ్యస్థమైన ఈసీయూ, తెలియని సాఫ్ట్‌వేర్ మీద తడుముకునే ట్యూనర్ చేతిలోని ఖరీదైన ఈసీయూ కంటే ఎంతో బాగా నడుస్తుంది. మీ పట్టీకి సరిపోయేవాటిలో ఆయనకి బాగా అలవాటైనది ఉంటే దాదాపు అదే కొనేయొచ్చు.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. ఫుల్ థ్రాటిల్ రన్‌లు మాత్రమే చేస్తారా, లేక ఒక్కో లోడ్, ఒక్కో ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి మ్యాప్ నింపుతారా? దానికి లోడ్ నిలబెట్టగలిగే డైనో కావాలి. ఏసీ వేసినప్పుడు ఐడ్లింగ్ సరిచేస్తారా? కోల్డ్ స్టార్ట్ ఎవరు చూస్తారు?

కోల్డ్ స్టార్ట్ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రాత్రంతా నిలబడి చల్లారిన ఇంజిన్‌ని తెల్లవారి స్టార్ట్ చేసే అవకాశం రోజుకి ఒక్కసారే వస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంత ఫ్యూయల్ పోయాలి, అంటుకున్నాక మొదటి కొన్ని సెకన్లు ఎంత ఎక్కువ పోయాలి, వేడెక్కే కొద్దీ ఎలా తగ్గించాలి అన్నవి మూడు వేర్వేరు పట్టికలు. ఒకటి మార్చి చూస్తే రెండోది చూడటానికి మర్నాటి వరకు ఆగాలి. డైనో దగ్గర కారు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కాబట్టి ఈ పని అక్కడ పూర్తి కాదు. దీన్ని మీరే ఇంటి దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని, లాగ్ తీసి ట్యూనర్‌కి పంపుతూ చేసుకోవాల్సి ఉంటుంది. అందుకే సాఫ్ట్‌వేర్ మీకూ అర్థమయ్యేలా ఉండాలి. మ్యాప్‌కి పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేస్తారా అన్నది కూడా ముందే తేల్చుకోండి. లాక్ చేసిన మ్యాప్‌తో మీరు ఆ ట్యూనర్‌కి జీవితాంతం కట్టుబడి ఉండాల్సిందే.

లింక్, హాల్‌టెక్, ఈసీయూమాస్టర్ లాంటి కంపెనీల సాఫ్ట్‌వేర్ ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది. కొనకముందే లాప్‌టాప్‌లో వేసుకుని తెరవండి. ఫ్యూయల్ టేబుల్ ఎక్కడుందో, ట్రిగ్గర్ సెటప్ ఎక్కడుందో, హెల్ప్ ఫైల్ ఎంత వివరంగా ఉందో ఒక సాయంత్రం కూర్చుని చూస్తే బ్రోచర్ చెప్పని సంగతులన్నీ తెలుస్తాయి.

ఏడో అడుగు: ఇప్పుడు బ్రాండ్లు

చేతిలో డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ, సోల్డరింగ్ వచ్చు అంటే స్పీడుయినో, రస్ ఈఎఫ్ఐ, మెగాస్క్వర్ట్ ఉన్నాయి. స్పీడుయినో ఆర్డుయినో మెగా బోర్డు మీద నడిచే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు. టర్బో లేని నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి బాగా సరిపోతుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ని అది నేరుగా నడపదు. ఆ అవసరం ఉంటే రస్ ఈఎఫ్ఐ చూడండి. మెగాస్క్వర్ట్ అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో మొదలుపెట్టింది, సొంతంగా ఈసీయూ కట్టుకోవాలనుకునే వేలమందికి బడిలా పనిచేసింది. మూడింటినీ ట్యూనర్‌స్టూడియోతోనే ట్యూన్ చేస్తారు. ఉచిత వెర్షన్ ఉన్నా, లాగ్ చూసి ఫ్యూయల్ టేబుల్‌ని తనే సరిచేసే సదుపాయం కావాలంటే డబ్బు కట్టి రిజిస్టర్ చేసుకోవాలి. ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లకి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. రోజూ ఆఫీసుకి వెళ్లాల్సిన ఒక్కగానొక్క కారుకి మాత్రం వద్దు.

మధ్యస్థ శ్రేణిలో మన ఎస్టీమ్ పట్టీకి నేను ముందు చూసేది పోలెండ్ కంపెనీ ఈసీయూమాస్టర్ ఈఎంయూ బ్లాక్. వైడ్‌బ్యాండ్ కంట్రోలర్, 400 కిలోపాస్కల్స్ మ్యాప్ సెన్సార్, బారో సెన్సార్, నాక్ ఇన్‌పుట్లు అన్నీ లోపలే ఉన్నాయి. స్వీడన్ మ్యాక్స్ఈసీయూ కూడా ఇదే దారిలో ఉంటుంది. న్యూజిలాండ్ లింక్, ఆస్ట్రేలియా హాల్‌టెక్ ప్లగ్‌ఇన్‌లకీ, హెల్ప్ ఫైళ్లకీ పేరున్నవి, వాటి మీద చేయి తిరిగిన ట్యూనర్లు ప్రపంచమంతా ఉన్నారు. మోటెక్ ప్రొఫెషనల్ రేసింగ్ టీములది. అందులో కొన్ని ఫీచర్లకి విడిగా లైసెన్స్ కొనాలి కాబట్టి ధర అడిగేటప్పుడు ఏవేవి కలిపి చెబుతున్నారో రాతపూర్వకంగా తీసుకోండి.

ఎనిమిదో అడుగు: మొత్తం ఖర్చు, చట్టం

ఈసీయూ ధర ఒక్కటే చూసుకుని బడ్జెట్ వేస్తే మధ్యలో ఆగిపోతారు. కస్టమ్స్ సుంకం, రవాణా, వైరింగ్ లూమ్, మంచి కప్లర్లు, క్రింపింగ్ టూల్, వైడ్‌బ్యాండ్ సెన్సార్, ఇంజెక్టర్లు, పంప్, డైనో గంటలు, ట్యూనర్ ఫీజు, వీటన్నిటినీ కలపండి. చేతిలో ఉన్న మొత్తంలో సగానికి మించి ఈసీయూకే పోతుంటే ఒక మెట్టు కిందిది తీసుకుని, మిగిలింది వైరింగ్‌కి, డైనోకి పెట్టండి. తెచ్చిన ఈసీయూ మంచిదైనా, రోడ్డు పక్క షాపులో టేపు చుట్టి కలిపిన వైర్లతో అది పనిచేయదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడొచ్చు. అందుకే ఇలాంటి కారుని ట్రాక్‌కి, పోటీలకి ఉంచుకోవడమే సరైన పని. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు కరి ట్రాక్‌లు మనకి అందుబాటులో ఉన్నాయి. పోటీకైతే మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ రూల్ బుక్‌లో మీ క్లాసుకి ఈసీయూ మార్పు అనుమతిస్తారో లేదో కొనకముందే చదవండి. అమెరికాలో ఉన్నవాళ్లకి క్లీన్ ఎయిర్ యాక్ట్ వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో రోడ్డు మీద తిప్పే కారుకైతే కార్బ్ (ఆ రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) అనుమతి సంఖ్య, అంటే ఈఓ నంబర్ ఉన్న ఉత్పత్తే కొనాలి.

తొమ్మిదో అడుగు: ఈసీయూ ఇంటికి వచ్చాక

ఇంజిన్ దగ్గర కాకుండా క్యాబిన్ లోపల, నీళ్లు తగలని చోట బిగించండి. సెన్సార్ల ఎర్త్ అన్నీ ఈసీయూ సెన్సార్ గ్రౌండ్ పిన్నుకే వెళ్లాలి, బాడీకి కలపకూడదు. పవర్ ఎర్త్ ఇంజిన్ బ్లాక్‌కి లేదా హెడ్‌కి గట్టిగా బిగించాలి. క్రాంక్ సెన్సార్‌కి షీల్డ్ వైరు వాడి, షీల్డ్‌ని ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేయండి.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంజెక్టర్ కప్లర్లు తీసేయండి. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర లాక్ చేయండి. టైమింగ్ లైట్ మొదటి సిలిండర్ ప్లగ్ వైరుకి తగిలించి, పుల్లీ మీద గీత తెల్ల పెయింట్‌తో స్పష్టంగా కనిపించేలా చేసి, సెల్ఫ్ కొట్టండి. లైటు వెలుగులో గీత 10 దగ్గర నిలబడాలి. నిలబడకపోతే ట్రిగ్గర్ ఆఫ్‌సెట్ (చక్రం మీది ఖాళీకీ, మొదటి పిస్టన్ పైకొచ్చే చోటికీ మధ్య కోణం) మార్చి 10 కి తీసుకురండి. అప్పుడే ఇంజెక్టర్లు తగిలించి స్టార్ట్ చేయండి. ఇంజిన్ వేడెక్కాక టైమింగ్ లాక్ అలాగే ఉంచి, ఆర్‌పీఎంని మెల్లగా 4000 వరకు తీసుకెళ్తూ గీతనే చూడండి. అది కదలకూడదు. వేగం పెరిగేకొద్దీ డిగ్రీలకి డిగ్రీలు జరుగుతుంటే వీఆర్ సెన్సార్ రెండు వైర్లూ తారుమారయ్యాయేమో ముందు చూడండి. ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే జరిగితే సాఫ్ట్‌వేర్‌లో ట్రిగ్గర్ డిలే సెట్టింగ్‌తో సరిపోతుంది. ఆ గీత కదలకుండా నిలబడే వరకు టర్బో బూస్ట్ జోలికి, డైనో జోలికి వెళ్లొద్దు. నిలబడ్డాక లాక్ తీసేసి, ఆ బేస్ మ్యాప్‌ని తేదీ వేసి సేవ్ చేసుకుని, ఒక కాపీ ట్యూనర్‌కి పంపి డైనో టైమ్ బుక్ చేసుకోండి.